చేప పుండుకు ఉప్పు, తొట్టికి మరో మందు

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నంద్యాలలో మా మనవరాలు రాస్తోంది. కానీ చేపల సంగతి ఈ చదువుకున్నవాళ్ల కంటే నాకే బాగా తెలుసు.

మొన్నామధ్య దాని అద్దాల తొట్టిలో ఎర్రచేపకు డొక్క మీద పుండు లేచింది.

"పారేసి కొత్తది కొనుక్కోమన్నాడవ్వా అంగడాయన" అని ఏడుపు మొహం పెట్టింది.

"పారేసేకి అదేమన్నా తెగిన చెప్పా? పోయి కల్లుప్పు తేపో" అన్నాను.

బకెట్టు నీళ్లలో కాస్త ఉప్పు కలుపుతుంటే ఆళ్లగడ్డలోని మా ఇల్లు కళ్ల ముందుకొచ్చింది. నా ఈడువాళ్లారా, దోమపురుగులు తినాలని నీళ్లతొట్టిలో చేపను వదిలేవాళ్లం, జ్ఞాపకముందా? మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. మా రాతితొట్టీ ఆయన చేసిందే. బయట నున్నగా మెరిసేది, లోపలంతా ఉలిగాట్లే. మా చేపకు పుండు పడితే అమ్మ ఇలాగే ఉప్పునీళ్లలో పెట్టి మాన్పింది. తిరిగి తొట్టిలో వేస్తే మళ్లీ లేచింది. అప్పుడు అమ్మ లోపల తడిమి చూసింది.

"ఊరోళ్ల దేవుళ్లకు వీపు గూడ నున్నగ చేస్తావు. మన చేప ఒళ్లు యాడ పెట్టుకోవాల?"

నాయన నీళ్లు తోడేసి, తొట్టిలో కూర్చుని రెండు రోజులు సానరాయితో రుద్దాడు. పుండు మళ్లీ రాలేదు.

అది గుర్తొచ్చి మనవరాలి తొట్టిలో చెయ్యి పెట్టాను. అందానికి వేసిన రాయి గరుకుగా తగిలింది. బయటికి తీయించాను. పుండు మాని చేప హాయిగా తిరుగుతోంది.

ఆ రాయినీ పారేయలేదు. ఇప్పుడు నా మడమలు నున్నగా ఉన్నాయి.