చివరికి 'వస్తాను' అంటే

భవానీపూర్‌లో మిఠాయి దుకాణం మీది అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో వేదవతి చేసే ఉద్యోగం యంత్రాలకు చదువు చెప్పడం. తాతా, తండ్రీ ఈ బెంగాలీ ఊరికి వలసొచ్చి, కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి బతికారు. ఆ వంశంలో రాతతో బతికే మొదటి మనిషి తనే కనుక, రాత దగ్గర ఆమెకు కొంచెం పీఠాధిపతి పోకడ ఉండేది.

పని ఇదీ. ఫోన్లో మనుషులతో మాట్లాడే ఏఐ ఏజెంటు ఒకటుంది. పేరు ఖాయం చెయ్యడానికి ఒక టూలు, తేదీ మార్చడానికి ఇంకోటి, అలా దాని చేతికి కొన్ని టూల్సు ఇస్తారు. ఏ టూలు ఎప్పుడు వాడాలో పక్కనే రాసిపెట్టాలి. ఆ రాసినదే ఏజెంటుకు వేదం. ఆ వేదానికి కర్త వేదవతి. "మనిషైతే సగం ఊహించుకుంటాడు. దీనికి సందు వదిలామా, ఆ సందులోంచే పోతుంది" అని కొత్తగా చేరినవాళ్ళకు ఉపదేశించేది.

ఏక్‌బాల్‌పూర్‌లో, అంటే ఆమె ఉండే పేటలోనే, ఒక సంస్థ కంటి పరీక్షల శిబిరం పెట్టింది. పొద్దున బెంగాలీవాళ్ళకు, మధ్యాహ్నం తెలుగువాళ్ళకు. పేరిచ్చిన వాళ్ళందరికీ ఏజెంటు ఫోన్ చేసి, వస్తారో రారో కనుక్కుని, చోట్లు నిండాక మిగతావాళ్ళకు లేవని చెప్పాలి. జనం మాట మార్చుకుంటారని వేదవతికి తెలుసు. అందుకే పకడ్బందీగా రాసింది: "ముందు ఏమన్నా సరే, ఆఖరి మాటే ప్రమాణం. చివరికి 'వస్తాను' అంటే హాజరు ఖాయం చెయ్యి."

పై అధికారి అనిర్బాన్ చదివి ఒక్కటే అడిగాడు. "మావాళ్ళు సెలవు తీసుకునేటప్పుడు 'ఆశి' అంటారు. వస్తానని దానర్థం. అది రాశావా?"

"వెళ్ళిపోతూ వస్తానంటారా! ఏం భాష దాదా మీది!" అని వేదవతి హాయిగా నవ్వి, బెంగాలీకి ఒక మినహాయింపు చేర్చింది. తెలుగు సంగతి అతను అడగలేదు. అది ఆమె మాతృభాష, దాన్ని పరీక్షించాలని ఎవరికీ తోచలేదు.

శనివారం సాయంత్రం పక్కింటి అప్పమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. వేదవతి తండ్రితో కలిసి చీపురు పట్టిన మనిషి.

"ఏటే వేదా, నాకు సోటు లేదంటంది మీ యంతరం? కుడికన్ను పొర కమ్మీసినాది. బియ్యంలో రాళ్ళు తడుముకుని ఏరతన్నాను."

"నిండిపోయాయత్తా. మనవాళ్ళు కదా అని చోటిస్తే ఎలా? సిస్టమ్ తప్పు చెప్పదు."

"నీకంటే నాకు తెలస్తాదేటి," అని అప్పమ్మ గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున బెంగాలీ వరస గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. మధ్యాహ్నం కుర్చీలు దాదాపు అన్నీ ఖాళీ. డాక్టరు తన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. ఐదింటికి లేచి వెళ్ళిపోతానన్నారు. వేదవతి ఆ పేటలోనే ఉండే, వస్తాడని ఏజెంటు ఖాయం చేసిన పోలయ్యకు ఫోన్ చేసింది. అనిర్బాన్ పక్కనే ఉన్నాడు.

"బాబాయ్, శిబిరానికి రాలేదేం?"

"నాకు డూటీ ఉంది, రానని సెప్పీసినాను కదేటి!"

"చివరికేమన్నావు?"

"ఏటంటాను? ఆ యంతరం పిల్ల మరేదగా మాటాడినాది. ఉంటానమ్మా, వస్తాను అనీసి పెట్టీసినాను. పోతాననీసి ఎవులైనా అంటారేటే?"

వేదవతి ఫోన్ పెట్టేసి, ఆ మాటే అనిర్బాన్‌కు చెప్పింది. తనూ పుట్టి బుద్ధెరిగాక ఏ గడపా వస్తానని చెప్పకుండా దాటలేదు. పరాయి భాషలో అయితే వింతగా వినబడింది. తన నోట్లో ఉన్నది మాత్రం ఇన్నేళ్ళూ వినబడలేదు.

అనిర్బాన్ నెమ్మదిగా అడిగాడు. "మీ భాషలో కూడానా?" అందులో వెటకారం లేదు. ఉంటే కొంచెం నయంగా ఉండేది.

చోటు దొరకనివాళ్ళకు ఇద్దరూ కూర్చుని ఫోన్లు చేశారు. కొందరు దొరికారు, కొందరు ఆదివారపు పనుల్లో పడిపోయారు. అప్పమ్మకు ఫోన్ చెయ్యడానికి వేదవతికి మొహం చెల్లలేదు. వెళ్ళడానికీ చెల్లలేదు గానీ, వెళ్ళింది.

"అత్తా, చోటుంది. రా."

"నిన్న నిండిపోనాది, ఇయ్యాల కారిపోనాదేటి?"

"నేనే తప్పు రాశాను. రానన్నవాళ్ళందరినీ యంత్రం వస్తారని రాసుకుంది."

అప్పమ్మ లోపలికెళ్ళింది. తాపీగా చీర మార్చుకుంది. దారంతా వేదవతి చెయ్యి పట్టుకునే నడిచింది, గుంతల దగ్గర మరీ గట్టిగా. ఆ పట్టును బట్టి ఆ కంటికి ఏ మాత్రం ఆనుతోందో వేదవతికి అర్థమైంది. ఆ సంగతి నిన్న గుమ్మంలోనే అప్పమ్మ నోటితో చెప్పింది.

డాక్టరు చూసి, శుక్లం ముదిరిందని ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

తిరిగి అప్పమ్మ గుమ్మం ముందు ఆగారు. వేదవతి చెయ్యి విడిపించుకుంటూ అలవాటుగా "వస్తానత్తా" అని, నాలిక కరుచుకుంది.

అప్పమ్మ బాగున్న కంటితో ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏ టయానికే? అన్నం వండీమంటావేటి?"