కుడికాలి గుర్తు

ఎండాకాలంలో జీడితోటలోకి అడుగు పెడితే రాలిన పళ్లు మగ్గిపోయి, తీపీ వగరూ కలిసిన ఘాటు వాసన గుప్పున కొడుతుంది. ఉద్దానంలో ఇప్పుడు నేను కూడా నాటుకోళ్లు పెంచి అమ్ముతున్నాను. పలాస నుంచి ఫోన్లు చేసి ఫొటోలు పంపమంటారు, పుంజు ముఖం చూసి బేరం మొదలెడతారు. ఆ వాసన తగిలితే మాత్రం బేరాలన్నీ మరిచిపోయి, పదేళ్ల పిల్లనై అమ్మ కోళ్ల వెనక పరుగెడుతుంటాను.

అప్పట్లో కోళ్లకు కంచె అన్న మాటే లేదు. తెల్లారి గంప ఎత్తగానే పెట్టలూ పిల్లలూ పొగరుబోతు పుంజులూ బిలబిలమంటూ తోటలో పడి, జీడాకుల కింద పురుగులు కెలికి, కొబ్బరి మొదళ్ల దగ్గర చెదలు ఏరి, ఎవరి వాకిట్లో వడ్లు ఆరబోస్తే వాళ్ల వడ్లతోపాటు తిట్లూ తిని, పొద్దువాలేసరికి గూటికి చేరేవి. ఊరి కోళ్లన్నీ కలిసి మేసేవి కనుక పిల్లలు పుట్టిన వారంలోపే కాలి వేలి కొస కత్తిరించి గుర్తు పెట్టేవారు. మాది ఎడమకాలు, పక్కింటి నూకాలత్తది కుడికాలు. తగువొస్తే పెద్దమనుషులతో పనిలేదు, కోడిని పట్టుకుని కాలు చూసేవారు. గుర్తు ఎవరిదైతే కోడి వాళ్లది.

ఆ ఏడాది గుర్తు పెట్టే పని అమ్మ నాకు అప్పజెప్పింది. నల్లపెట్ట పొదిగిన ఏడు పిల్లలు. అవి ఎదిగాక అమ్మవారి పండగ ముందు కాశీబుగ్గలో అమ్మి, నేను హైస్కూలుకి వెళ్లడానికి ఓ పాత సైకిలు కొనాలని మా ఒప్పందం. నేను మహా పెద్దరికంగా పీటేసుకుని కూర్చుని, ఒక్కో పిల్లనీ వెల్లకిలా పట్టుకుని, కాళ్లు నా వైపు తిప్పుకుని, నా ఎడమచేతి వైపు ఉన్న వేలు కత్తిరించి పసుపు అద్ది వదిలాను. వెల్లకిలా పడుకున్నదానికి అది కుడికాలని నాకు తట్టనే లేదు. ఏడూ మా గూటికే చేరేవి కనుక ఎవరూ కాళ్లు చూడలేదు.

పండగ దగ్గర పడ్డాక నూకాలత్త మొగుడికి కిడ్నీ జబ్బు ముదిరింది, విశాఖ తీసుకెళ్లాలన్నారు. ఆవిడ కోడిపిల్లల్ని ఆ ఏడాది చాలామటుకు గద్దలే తినేశాయి. అమ్ముకోడానికి మిగిలినవాటిని వెతుక్కుంటూ మా వాకిట్లోకొచ్చి, ఓ పుంజును పట్టుకుని కాలు చూసింది. తర్వాత ఇంకోదాన్ని.

"ఏటి వొదినా, ఇవి నా గుర్తుతో ఉన్నాయి?"

అమ్మ కాలు చూసింది, తర్వాత నన్ను చూసింది. "మా నల్లపెట్ట పిల్లలే!" అని నేను ఏడుపు లంకించుకున్నాను.

"నోరుముయ్యి. కాలు సూడనేదేటి? గుర్తు ఆళ్లది."

కొబ్బరితాడుతో ఏడింటి కాళ్లూ అమ్మే కట్టి ఇచ్చింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు నేను. నూకాలత్తంటే ఒళ్లు మండిపోయేది. ఆ ఏడాదంతా బడికి నడిచే వెళ్లాను.

విశాఖ తీసుకెళ్లినా నూకాలత్త మొగుడు బతకలేదు. వానలు పడ్డాక ఓ పొద్దున్న నూకాలత్త గంపలో పెట్టనీ పిల్లల్నీ తెచ్చి మా అరుగు మీద పెట్టింది.

"ఆ ఏడూ మీయేనని నాకు ఆ పొద్దే తెల్సు వొదినా. పిల్లలప్పుడు నానూ నూకలేసినాను. తెలిసే అట్టుకెల్లినాను," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"కుడికాలు నీదే గదే," అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూనే. "ఈటికి గుర్తు మాత్రం నువ్వే ఎట్టు. మా పిల్లకి ఎడమా కుడీ తెల్దు."

నూకాలత్త ఏడుస్తూనే నవ్వేసింది. సిగ్గుతో నేను జీడితోటలోకి పారిపోయాను.

ఇప్పుడు నా తోటకు నాలుగువైపులా వల, పక్కతోటకు గోడ. గుర్తులు పెట్టే అవసరమే పోయింది, పెట్టడం తెలిసిన ఇద్దరూ పోయారు. మొన్న ఎక్కడిదో ఓ ఎర్రపెట్ట వల దాటి లోపల పడింది. వేళ్లన్నీ నిండుగా ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టాను, పక్కతోట కాపలా మనిషిని అడిగాను. "మీయాటిలో కలిపీయండమ్మా, ఎవులడుగుతారు?" అన్నాడు.

కలపలేకపోయాను. వేరే గంప కింద పెట్టి నూకలేస్తున్నాను. ఎవరైనా వచ్చి నాదంటే కాలు చూడకుండా ఇచ్చేద్దామని ఉంది. వారమైంది, ఎవరూ రాలేదు.