టెంకాయ నీళ్ళూ నీళ్ళే అనుకున్నాను

పుంగనూరులో ఒక శనివారం భజన ముగించి బయటికి వస్తే చెప్పులు కాళ్ళకు ఎక్కలేదు. పాదాలు వాచి ఉన్నాయి. ముఖం కూడా ఉబ్బిందని నా భార్య సరోజ అంది. మదనపల్లెలో రక్తపరీక్ష చేయించాం. క్రియాటినిన్ బాగా పెరిగిందని, రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని చెప్పారు. కుప్పంలో పెద్దాసుపత్రిలో డయాలిసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు వెళ్ళాలి. నీళ్ళు రోజుకు లీటరు దాటకూడదన్నారు.

భజన బృందం నన్ను వదల్లేదు. మా బృందం పెద్ద మునెప్ప నా పేరున రోజూ స్వామికి టెంకాయ కొడతానని మొక్కుకున్నాడు. ఆ నీళ్ళు చెంబులో ఇంటికే తెచ్చేవాడు.

"తాగప్పా. ఎవురి చెయ్యీ పడని నీళ్ళు. ఇంతకంటే శుద్ధమైంది యాడుండాది?"

నాకూ అదే నమ్మకం. డాక్టరు మాటా తప్పలేదనుకున్నాను. తీర్థం ఎంత తాగితే మామూలు నీళ్ళు అంత తగ్గించేవాణ్ణి.

ఒకరోజు కుప్పం వెళ్తుంటే బస్సు వెంకటగిరికోటలో ఆగింది. లేవబోయాను. కాళ్ళు లేవలేదు. గుండె ఒకసారి కొట్టుకొని, మళ్ళీ కొట్టుకోవడానికి ఆలోచిస్తున్నట్టుంది. నామం పలకబోతే నోరు తిరగలేదు.

"అన్నా, యాడా నిలపొద్దు! మా ఆయన పోతాండాడు!" అని సరోజ డ్రైవర్ని బతిమాలింది.

కుప్పం ఆసుపత్రిలో ఈసీజీ చూడగానే డాక్టరమ్మ పరుగున వచ్చారు. "పొటాషియం చాలా ఎక్కువుంది. గుండె ఆగిపోవచ్చు. ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదమ్మా. స్వామి టెంకాయ నీళ్ళు తాగినాడు, అంతే," అంది సరోజ.

"రోజూనా?"

"రోజూ, చెంబెడు."

గుండెను కాపాడే క్యాల్షియం ఇంజెక్షన్ ఎక్కిస్తూనే ఆమె చెప్పారు. "నీళ్ళంటే ఒక్క సమ్మేళనం. హైడ్రోజన్, ఆక్సిజన్, అంతే. టెంకాయ నీళ్ళు మిశ్రమం. చక్కెర ఉంటుంది, లవణాలుంటాయి. వాటిలో పొటాషియమే ఎక్కువ."

"దేవుడి తీర్థం విషమైపాయనా తల్లీ?"

"విషం కాదమ్మా. నాకిస్తే నేనే తాగేస్తాను. నా కిడ్నీలు ఆ పొటాషియాన్ని బయటికి పంపుతాయి. మీ ఆయనవి పంపలేవు."

వెంటనే డయాలిసిస్ పెట్టారు. మిషను తిరిగినంతసేపూ సరోజ నా చెయ్యి వదల్లేదు. సాయంత్రానికి గుండె దారిలో పడింది.

ఇంటికి వచ్చిన మర్నాడు మునెప్ప మళ్ళీ చెంబుతో వచ్చాడు. తీర్థం వద్దనడం అపచారమేమోనని వెనకాడాను. చివరికి జరిగింది చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నేనే సంపబోయినానా అప్పా?"

"నీ ప్రార్థనే నిలబెట్టిందన్నా. నీళ్ళే నాకు పనికిరావు."

ఆయన చెంబు పైకెత్తాడు. తర్వాత స్వామి పటానికి చూపించి గటగటా తాగేశాడు. "మొక్కు ఆపేది లేదు. తీర్థం నీ పేరుతో నేను తాగుతా. కిడ్నీలు నాకుండాయి గదా!"

సరోజ చాలా రోజులకు నవ్వింది.

ఇప్పటికీ డయాలిసిస్‌కు వెళ్తున్నాను, భజనకూ వెళ్తున్నాను. తీర్థం కళ్ళకద్దుకొని పక్కవాళ్ళకు ఇస్తాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. రసం, పండ్లరసం, టెంకాయ నీళ్ళు, ఏదైనా సరే, ఎంత తాగాలో ఒక్కటే కాదు, అందులో ఏమేం కలిసి ఉన్నాయో కూడా ముందు మీ డాక్టర్ని అడగండి.