అలలు గీయని గీతలు

తాడు తెగింది ఉదయం ఏడున్నరకి. కొబ్బరిబోండాలు కొట్టే కత్తితో రిసార్టు మేనేజరే దాన్ని నరికాడు. రెండు దెబ్బలకి తెగలేదు. మూడోది పడేసరికి, వెనక్కి వాలి లాగుతున్న పదిమందీ ఒకరిమీద ఒకరు ఇసుకలో వెల్లకిలా పడ్డారు. సముద్రం వైపు కొస సరసర పాకుతూ నీళ్లలోకి జారిపోయింది.

నేను అక్కడికి పదడుగుల దూరంలో, పెద్ద గొడుగు కింద, వెదురు కుర్చీలో ఉన్నాను. చేతిలో టీ ఉంది. పడినవాళ్లెవరూ అరవలేదు. ఒంటి మీద ఇసుక కూడా దులుపుకోకుండా లేచి నీళ్లవైపు చూశారు. అలల అవతల సగం చందమామలా నీళ్లపై తేలుతున్న వల బెండ్ల వరస ఒక పక్కనుంచి మెల్లగా విప్పుకుంటోంది. లోపల చిక్కిన చేపకి దారి దొరికిందని వాళ్లకి తెలుసు. నాకు తెలియడానికి ఇంకాస్త సేపు పట్టింది.

ఎందుకంటే నేను ఇసుకని చూస్తున్నాను. తాడు జారిన చోట పొడవాటి గీత పడింది. దాని పక్కనే, గాలికి సగం పూడిన పాత గీతలు మరో నాలుగైదు. ఆ గీతలు నేను ఎరిగినవే. ఆరేళ్ల కిందట వాటి గురించి రాశాను.

అప్పటికి నేను జిల్లా పత్రికలో పనిచేస్తున్నాను. చీపురుపల్లిలో విలేకరిగా మొదలుపెట్టి, విజయనగరంలో డెస్కు మీదికి చేరి, ఆఖరి సంవత్సరాల్లో ఆదివారం పేజీలకి ఊళ్ల మీద వ్యాసాలు రాస్తూ గడిపాను. ఎవరికీ అంతగా తెలియని సముద్రతీరాల గురించి ఒకటి కావాలన్నారు. కారులో బయల్దేరి, దారిలో ఒక మిత్రుడి ఇంట్లో భోజనం చేసి, ఈ ఒడ్డుకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. రెండు గంటలున్నాను. మనిషన్నవాడు కనిపించలేదు. సరుగుడు చెట్ల నీడలో రెండు పడవలు బోర్లించి ఉంటే, ఎవరో ఎప్పుడో వదిలేసినవి అనుకున్నాను. ఇసుక మీద నీళ్లదాకా వెళ్లిన గీతలు చూసి, ఇంటికి వచ్చి ఈ వాక్యం రాశాను: "మనిషి అడుగు పడని ఈ ఇసుక మీద అలలే గీతలు గీస్తాయి, అలలే చెరుపుకుంటాయి."

చాలామంది ఫోన్ చేసి బాగుందన్నారు. ఆ మరుసటేడు సరుగుడు తోట కొట్టేశారు. ఆ తర్వాతి ఏడు రిసార్టు వచ్చింది.

నేను రిటైరయ్యాక, రిసార్టువాళ్లు నా నంబరు సంపాదించి, రెండు రోజులు వచ్చి ఉండమని పిలిచారు. వ్యాసం చదివాకే తమ యజమాని ఈ చోటు ఎంచుకున్నాడని మేనేజరు ఫోన్లో చెప్పాడు. నాకు వెళ్లాలని లేదు. నా భార్య మాత్రం, నలభై ఏళ్లలో మీరు నన్ను తీసుకెళ్లిన సముద్రం ఒక్కటీ లేదు, రాసిన సముద్రాలే ఉన్నాయి, పద, అంది. వెళ్లాం.

లోపలికి అడుగుపెట్టగానే రిసెప్షన్ గోడ మీద, అద్దం వెనక, నా వ్యాసం. ఆ వాక్యం కింద బంగారు రంగు గీత.

మాకిచ్చింది గుడారం లాంటి గది. పైన గుడ్డ కప్పు, కింద చెక్క నేల, ఒక మూల ఏసీ, వెనక ఆకాశం కనిపించేలా స్నానాల తొట్టి. దీన్ని గ్లాంపింగ్ అంటారని మేనేజరు వివరించాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ముప్పై ఏళ్లవాడు, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. "గుడారమే సార్, కానీ కష్టం ఉండదు" అన్నాడు. తుపానులు వెళ్లాక రోడ్డు పక్కన బరకాల కింద బతికినవాళ్ల దగ్గర కూర్చుని వార్తలు రాసుకున్నవాణ్ణి నేను. గుడారంలోంచి కష్టం తీసేస్తే మిగిలేదేమిటో అప్పుడు చూశాను. రకరకాల సబ్బులు, అడుగడుక్కీ ఒక బోర్డు. "ప్రకృతి మాట్లాడుతోంది, వినండి" అని ఒక బోర్డు. దాని కింద రాయి ఆకారంలో చేసిన స్పీకరు. అందులోంచి అలల చప్పుడు. వంద గజాల్లో నిజం సముద్రం మొత్తుకుంటూనే ఉంది.

కొట్టేసిన సరుగుడు చెట్లకి బదులు కుండీల్లో పేరు తెలియని మొక్కలు పెట్టారు. మధ్యాహ్నం చోడి అంబలి, అదే రాగిజావ, గాజు గ్లాసులో పోసి, మీద పుదీనా ఆకు వేసి తెచ్చారు. నా భార్య ఆ ఆకు తీసి పళ్లెంలో పెట్టి, "మా నాన్న పొలంగట్టు మీద తాగిందే కదా, దీనికీ అలంకారం?" అంది. మంచం మీది దుప్పటికి పొందూరు ఖద్దరని చీటీ కుట్టారు. ఆమె పుట్టిల్లు పొందూరు. వాళ్ల అమ్మ రాట్నం మీద నూలు వడికిన మనిషి. ఆ గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఏటండీ ఇది? పొందూరంట! మరమీద నేసిన గుడ్డ. చీటీ ఒక్కటే మా ఊరిది" అని దుప్పటి మడిచి కుర్చీ మీద పడేసింది.

మర్నాడు పొద్దున్నే ఒడ్డున కుర్చీలు వేశారు. మాతోపాటు ఇంకో రెండు కుటుంబాలు ఉన్నాయి. దక్షిణాన, కంచెకి అవతల, చిన్న మత్స్యకార గ్రామం. అప్పటిదాకా నేను దాన్ని గమనించలేదు, ఆరేళ్ల కిందట కూడా. ఆ ఊరివాళ్లు చీకటితోనే అలివి వల వేశారు. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వలని సముద్రంలోకి తీసుకెళ్లి, గుండ్రంగా చుట్టి, రెండో కొస మళ్లీ ఒడ్డుకి తెస్తారు. రెండు కొసల దగ్గరా మనుషులు నిలబడి సమానంగా లాగాలి. ఏ పక్క సడలినా వల మూతి తిరిగిపోతుంది. వేసినచోటే వల ఒడ్డెక్కదు కూడా. మాఘం నుంచి రెండు మూడు నెలలు నీరు ఉత్తరానికి లాగుతుంది. ఊరి ముందు వేసిన వల రిసార్టు ముందు తేలుతుంది. ఇంకా దక్షిణానికి జరిగి వేద్దామంటే అక్కడ గెడ్డ, అంటే వాగు, వచ్చి సముద్రంలో కలుస్తుంది, నిలబడడానికి ఇసుకే లేదు.

అలా ఉత్తరపు కొస లాగుతున్న పదిమంది, ఒక్కో అడుగూ జరుగుతూ, కంచె చివర నీళ్లలోంచి చుట్టు తిరిగి మా కుర్చీల ముందుకి వచ్చారు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? ఇది ప్రైవేట్ బీచ్. గెస్టులున్నారు."

ముందున్న ముసలాయన తాడు వదలకుండానే అన్నాడు. "నీటికి సెప్పు బాబూ. మాం అక్కడే ఏసినాం. అదే ఇక్కడికి లాక్కొచ్చినాది."

"ఇంకో అరగంటలో అయిపోతాది, అంతే" అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

మేనేజరు కాపలా మనిషిని పిలిచాడు. నలభై దాటినవాడు, రిసార్టు ఖాకీ చొక్కా, టోపీ. అతన్ని చూడగానే తాడు లాగుతున్న వాళ్లలోంచి ఒక గొంతు లేచింది.

"ఒరే బావా! టోపీ ఎట్టేసరికి మమ్మల్ని పోల్సలేకపోతన్నావేటి?"

"తమ్ముడు సచ్చిపోనాడని మా అక్కకి సెప్పరా" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు, లాగుతూనే. కాపలా మనిషి నవ్వలేదు.

"తాడు కట్ చెయ్" అన్నాడు మేనేజరు.

"నా వల్ల కాదు సార్. నీట్లో వలుండగా తాడు మీద కత్తెట్టం."

"ఎవరి జీతం తింటున్నావ్?"

"మీదే సార్" అని అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు మేనేజరు వాళ్లవైపు తిరిగి, "ఇక్కడ చేపలు పట్టడం ఎప్పుడూ లేదు. పేపర్లోనే వచ్చింది. రాసిన సార్ ఇక్కడే ఉన్నారు, అడగండి" అన్నాడు.

పదిమందీ నావైపు చూశారు. నా భార్య కూడా చూసింది.

"నేను వచ్చినప్పుడు ఎవరూ లేరు" అన్నాను.

అది అబద్ధం కాదు. చూసింది చూసినట్టు చెప్పడమే నా ఉద్యోగం. ఎన్నింటికి వచ్చానో మాత్రం చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనక. మేనేజరుకి అంతకన్నా అక్కర్లేదు. బోండాల గంప దగ్గరికి వెళ్లి కత్తి తీసుకున్నాడు.

తాడు తెగాక రెండో కొసవాళ్లు వలని ఎలాగోలా ఒడ్డుకి ఈడ్చారు. వల సంచిలో మిగిలినవి చిన్న చేపలే, గంపెడు నెత్తళ్లు, కాసిని కవళ్లు. చేపల కోసం గంపలతో వచ్చిన ఆడవాళ్లు ఖాళీ గంపలు బోర్లించి వాటి మీదే కూర్చున్నారు. నా భార్య కుర్చీలోంచి లేచి, మోకాలి నొప్పితోనే వంగి, చీర కుచ్చిళ్లు తడుస్తున్నా చూసుకోకుండా, వాళ్లతోపాటు వల కళ్లలో ఇరుక్కున్న నెత్తళ్లని దులపసాగింది. నేను కూడా వెళ్లాను. నాకు పని ఎవరూ చెప్పలేదు.

ఆ వల ఒక పెద్దావిడ ఇంటిది. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నువ్వేనేటి బాబూ రాసినావు, ఈ ఒడ్డున మనిసే లేడని?"

"నేనే."

"మరి మేమేటి? పీతలమా?"

నేను చేతిలోని నెత్తళ్లు గంపలో వేశాను.

"ఎన్నింటికొచ్చినావు?"

"ఒంటిగంట దాటాక."

"ఒంటిగంటకొచ్చినావా!" అని ఆమె చుట్టూ ఉన్నవాళ్లకి వినిపించేలా చెప్పింది. "పొద్దున్నే వల లాగీసి, సేపలమ్మీసి, గెంజి తాగి తొంగుంటాం అప్పటికి. నీ ఇంటికి నువ్వు తొంగున్నప్పుడొచ్చి, ఈ ఇంట్లో మనిసి సంచారం లేదని రాస్తే ఊరుకుంటావేటి?"

"ఊరుకోను."

"గీతలని కూడా రాసినావంట. అలలు గీసినాయా? అలలకి తాళ్లుంటాయేటి బాబూ?"

వెనక ఎవరో అన్నారు. "రాసినోడికి కుర్చీ ఏసినారు, లాగినోళ్ల మీద కత్తేసినారు."

ఈసారి నవ్వింది నా భార్య ఒక్కతే. అది నవ్వు కాదని నాకు తెలుసు.

అసలు విషయం ఆ తర్వాత ఆ పెద్దావిడే చెప్పింది. కంచెని నీటి అంచు దాకా జరుపుకోనివ్వమని రిసార్టు అర్జీ పెట్టుకుంది. జరపొద్దని ఊరు పెట్టుకుంది. తహసీల్దారు కార్యాలయంలో విచారణ నడుస్తోంది. కంచె జరిగితే నీరు ఉత్తరానికి లాగే నెలల్లో ఆ ఊరు వల వెయ్యలేదు. ఈ ఒడ్డుని ఎవరూ వాడుకోలేదని చెప్పడానికి రిసార్టు దాఖలు చేసిన కాగితాల్లో నా వ్యాసం ఉంది.

"నువ్వు రాసిన మాట నువ్వే ఎనక్కి తీసుకో. మాం సెప్తే నమ్మరు. అచ్చులో ఉన్నాదంటారు" అంది.

ఆ మధ్యాహ్నమే గది ఖాళీ చేశాం. మరో రాత్రికి పిలుపు ఉంది గాని, నా భార్య అప్పటికే సంచి సర్దేసింది. గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడినవాడు పొద్దుటి మనిషి కాదు. రిసెప్షన్‌లో మేనేజరు చిరునవ్వుతో అభిప్రాయాల పుస్తకం ముందుకి జరిపాడు. గోడ మీది అద్దం తీసెయ్యమన్నాను. అది యజమాని ఇష్టమన్నాడు. పుస్తకంలో, "నేను ఒంటిగంట దాటాక వచ్చాను. ఆ గీతలు వల తాళ్లవి" అని రాసి సంతకం పెట్టాను. నేను చూస్తూ ఉండగానే ఆ పేజీ చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి లేఖ రాశాను. ఎన్నింటికి వెళ్లాను, ఎంతసేపున్నాను, ఏం చూసి ఏమనుకున్నాను, పడవలు వదిలేసినవి కావు, గీతలు అలలవి కావు. వ్యాసం రాయడానికి ఒక సాయంత్రం సరిపోయింది, ఈ పేజీన్నరకి మూడు రోజులు పట్టింది. తీసుకెళ్లి తహసీల్దారుకి ఇచ్చాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, చదివి, "ఇది మీ వ్యక్తిగత లేఖ కదండీ. పత్రిక సవరణ వేస్తే ఆ బలం వేరు" అన్నారు.

పత్రికకి వెళ్లాను. ఆదివారం పేజీలు ఇప్పుడు చూస్తున్నది నా దగ్గర పని నేర్చుకున్నవాడే. లేచి కుర్చీ ఇచ్చాడు, టీ తెప్పించాడు, అంతా విన్నాడు. "గురువుగారూ, అంకె తప్పైతే వేస్తాం, పేరు తప్పైతే వేస్తాం. ఇది వర్ణన. వర్ణనకి సవరణ ఎలా వేస్తాం?" అన్నాడు. ఆ నియమం అతనికి నేర్పింది నేనే. తహసీల్దారు కార్యాలయానికి అది రుజువు, పత్రికకి అది వర్ణన. ఆ ఊరివాళ్లు ఈ రెంటి మధ్యా నిలబడి ఉన్నారు.

విచారణ రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి నా భార్యతో వెళ్లి వరండా బెంచీ మీద పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఆమె నాతో మాట్లాడలేదు. నా భార్యని మాత్రం, "మోకాలెలాగున్నాది అమ్మా?" అని అడిగింది. కాపలా మనిషి సంగతి అడిగితే, పని కోసం పాతపట్నం దాటి ఎక్కడికో వెళ్లాడని ఎవరో చెప్పారు.

మళ్లీ మాఘం వచ్చింది. నీరు ఉత్తరానికి తిరిగింది. కంచె ఇంకా జరగలేదు, జరపొద్దన్న ఉత్తర్వూ రాలేదు. వ్యాసం నకలు ఫైలులో ఉందని గుమస్తా చూపించాడు. నా లేఖకి అందినట్టు ముద్ర వేసి రసీదు ఇచ్చారు గాని, అది ఆ ఫైలులో చేరిందో లేదో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.