బండికి వేసిన మాసిక

మొన్న బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే, ముక్కులు మండించే ఆ పాత వాసన ఎదురొచ్చింది. కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో మా బిల్డింగ్ మీదున్న ఫైబర్ నీళ్ళ ట్యాంకు పగిలితే ఒక నడివయసు మనిషి అతుకు వేస్తున్నాడు. పక్కన కప్పులో కలిపి పెట్టిన రెజిన్ జిగురు పొగలు కక్కుతోంది. "థూ, మళ్ళా గడ్డకట్టె గదా!" అని అచ్చం మా రాయచోటి యాసలో తిట్టుకున్నాడు. "గట్టిపడే మందు ఎక్కువైందన్నా. ఈ ఎండకు సగం చాలు" అన్నాను, నన్నెవరూ అడగకుండానే. అతను తలెత్తి చూశాడు. నా కళ్ళ ముందు మాత్రం మామా నిలబడింది.

కువైట్‌లో ఇంటిపని చేసే మేము యజమానురాలిని మామా అనే పిలుస్తాం. నేను చెబుతున్న మామాకు నేను పనిలో చేరేనాటికే అరవై దాటాయి. నన్ను వంటకని తెచ్చుకుంది. వచ్చిన రెండో వారమే ఊరవతల కబ్ద్‌లోని వాళ్ళ తోటకు తీసుకెళ్ళి, షెడ్డులో ఒక ఎర్రటి చిన్న బండి చూపించింది. వేలితో తడితే ఇనుము మోత కాదు, బకెట్ మోత వచ్చింది. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి తనూ, చనిపోయిన భర్తా కలిసి ఇక్కడే బిగించుకున్న కారట. పై ఒళ్ళంతా ఫైబరే. తలుపు పక్కన జానెడు పగులు. ఇనుము సాగగొట్టే గరాజుల వాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. ఏటా బండ్లకు చేసే సర్కారు తనిఖీలో ఈసారి తప్పితే బండిని తీసిపారేస్తామని కొడుకులు తేల్చి చెప్పేశారు. మామాకు చేతులు వణుకుతాయి. అందుకని నా చేతులు కావలసి వచ్చాయి. నాకు అదేమీ అర్థం కాలేదు. చపాతీలు చేయడానికి వచ్చిన దాన్ని, గాజు పీచు కత్తిరిస్తూ కూర్చున్నాను.

మా డ్రైవర్ ఓబులేసన్నది కడప. "ఏంది మే ఇది, బండా, బొమ్మా?" అని నవ్వేవాడు. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్దితే లేచిన దుమ్ముకు దూలగొండాకు తగిలినట్టు మోచేతుల దాకా ఒకటే దురద. మామా అబాయా చేతులు పైకి మడుచుకుని, డబ్బా మీద రాసినట్టే రెజిన్‌లో మందు కొలిచి పోసింది. కుంచె ముంచేలోపే కప్పు వేడెక్కి రాయైపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి నేనుండబట్టలేక, "మామా, మా ఊళ్ళో ఎండాకాలం పాలకు తోడు తక్కువ వేస్తాం. ఎక్కువైతే పెరుగు చెడిపోతుంది" అన్నాను. "ఇది పెరుగు కాదే పిచ్చిదానా" అని నవ్వింది. అయినా మందు సగమే పోసింది. పీచు పొర మీద పొర పరిచి, బుడగ లేకుండా కుంచెతో అదిమి ముగించేదాకా రెజిన్ మెత్తగానే ఉంది. ఆ రోజు నుంచి షెడ్డులో నేను ఉస్తాద్‌ని, పెద్ద మేస్త్రిని. ఇంట్లో చుట్టాలు వస్తే మాత్రం మళ్ళీ ఖద్దామానే, పనిమనిషినే. ఏ పిలుపుకు ఎట్లా పలకాలో తెలియక తికమకపడేదాన్ని.

తనిఖీ రోజు ఆఫీసరు తలుపు తెరిచి, మా మాసిక మీద వేళ్ళు పోనిచ్చి, అటూ ఇటూ గట్టిగా ఊపి చూశాడు. "ఈ పని ఎవరు చేశారు?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మామా నావైపు చూడనైనా లేదు. "నేనే" అంది. ఆయన నవ్వి సంతకం పెట్టాడు. బండి నిలిచింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

దారిలో ఓబులేసన్న, "నీ పనంతా ఆమె పేరు మీద పాయె" అన్నాడు. సాయంత్రానికి ఆయనే మాట మార్చాడు. "వంటపని ఇఖామా పర్మిట్ మీద వచ్చినదానితో బండి పని చేయించినారంటే నీకూ తిప్పలే, ఆమెకూ తిప్పలే. నిన్ను కాపాడింది మే." ఏది నమ్మాలో తెలియలేదు. నెల తర్వాత మామానే అడిగాను, ఆ రోజు అలా ఎందుకు అన్నావని. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేనే అన్నానా? నాకు గుర్తులేదే" అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ జవాబుతో నా కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే ఉండిపోయింది. మామా పోయి ఇప్పటికి రెండేళ్ళు. బండి ఎవరి దగ్గరుందో తెలియదు. నేను ఇంకో ఇంట్లో వంట చేస్తున్నాను.

మేడ మీద ఆ మనిషి సగం మందుతో మళ్ళీ కలిపాడు. ఈసారి చక్కగా కుదిరింది. "ఎవురు నేర్పిచ్చినారమ్మా నీకు ఈ పని?" అన్నాడు.

"నేనే నేర్చుకుంటిలేన్నా" అన్నాను.

బట్టలు ఆరేసి, ఖాళీ బుట్ట తీసుకుని నాలుగు మెట్లు దిగాక కాళ్ళు ఆగిపోయాయి. ఆమె పేరు దాచాలని అనలేదు, ఆమె పనిని దోచుకోవాలనీ అనలేదు, నోటికి అదే వచ్చింది. మామాకూ ఆ రోజు అలాగే వచ్చిందా? తిరిగి పైకి వెళ్ళి ఆమె సంగతి చెప్పాలా, చెబితే ఆమె నాకు ఎవరని చెప్పాలి? ఏదీ తేలక, పీచు అంటకపోయినా దురద పెడుతున్న మోచేతిని గోక్కుంటూ ఆ మెట్ల మీదే చాలాసేపు నిలబడ్డాను.