అధ్యక్షస్థానం దిగిన నాగదుర్గ

నాగదుర్గది పెద్ద గొంతు. ఈ పడవ నుంచి ఆ పడవకి మాట అందాలంటే గొంతెత్తక తప్పదు కాబట్టి వాళ్ళింట్లో అందరివీ పెద్ద గొంతులే. తండ్రి బుల్లియ్య ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన గోదావరిలో వల వేస్తాడు. తల్లి పెద్దింట్లమ్మ ఆ చేపల్ని తట్టకెత్తుకుని పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. ఊళ్ళో ఎవరికీ వింతగా తోచని ఆ గొంతు రాజమండ్రిలో డిగ్రీలో చేరాక నాగదుర్గకి బరువైంది. మామూలుగా మాట్లాడినా "ఎందుకలా అరుస్తావ్?" అనేవాళ్ళు. రెండో ఏడాదికి వచ్చేసరికి ఆమె క్లాసులో నోరు విప్పడమే మానేసింది.

పొలిటికల్ సైన్స్ చెప్పే రెబెక్కా మేడం ఆ ఏడు శాసనసభ పాఠం దగ్గరికి వచ్చి పుస్తకం మూసేశారు.

"టీవీలో మీరు చూసేది గొడవ. గొడవ లేనప్పుడు సభ ఎలా నడుస్తుందో మనం నేర్చుకుందాం" అన్నారు.

మాట్లాడదలచినవాళ్ళు లేచి నిలబడాలి. సభాపతి పేరు పిలిచేదాకా ఆగాలి. పిలిచాక కూడా ఎదుటివాడితో కాదు, సభాపతితోనే చెప్పుకోవాలి. ఒకరు తీర్మానం పెడితే మరొకరు బలపరచాలి, లేకపోతే అది అక్కడికక్కడే పడిపోతుంది. దాన్ని మార్చాలనుకుంటే సవరణ ఇవ్వొచ్చు. ముందు సవరణ మీద ఓటు, తర్వాత అసలు తీర్మానం మీద. రెండు వైపులా ఓట్లు సమానమైతే తప్ప సభాపతి ఓటెయ్యకూడదు.

మొదట్లో "అధ్యక్షా" అన్నప్పుడల్లా క్లాసంతా నవ్వేది. నాలుగైదు క్లాసులయ్యాక నవ్వులు తగ్గాయి. నాగదుర్గకి మాత్రం ఆ పద్ధతి మొదటి నుంచీ నచ్చింది. అక్కడ గొంతు పెద్దదా చిన్నదా అని ఎవరూ చూడరు. వంతు వచ్చిందా లేదా, అంతే.

చివర్లో నమూనా సభ పెట్టారు. సభాపతిగా ఎవరుండాలన్న మాట రాగానే వెనక బెంచీ హరిబాబు లేచాడు.

"మైకు లేదు కదండీ మేడం. దుర్గైతే సరిపోద్ది."

అందరూ నవ్వారు. నవ్వుతూనే చేతులెత్తారు. నాగదుర్గ సభాపతి అయింది. ఆ మాటన్నందుకు హరిబాబుని ఉపసభాపతిని చేశారు.

"ఏదో ఊహించిన విషయం వద్దు. మీకు నిజంగా అవసరమైంది తీసుకోండి. సభ ఏది ఆమోదిస్తే దాన్ని సంబంధించినవాళ్ళకి నేనే పంపుతాను" అని చెప్పి రెబెక్కా మేడం వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

మొదట లేచింది ఉదయ్‌కుమార్. వాళ్ళ నాన్నకి ధవళేశ్వరంలో కిరాణా కొట్టు. నెమ్మదస్తుడు, ఎవరినీ తూలనాడే రకం కాదు.

"ఉదయం కాలేజీ వేళకి వచ్చే బస్సులో చేపల తట్టలు ఎక్కించుకోవద్దని డిపో మేనేజర్ గారిని కోరుతూ తీర్మానం పెడుతున్నాను అధ్యక్షా."

ఎవరో బలపరిచారు. నాగదుర్గ తీర్మానాన్ని కాగితం మీద రాసుకుంది. ఆ బస్సులో వెనక తలుపు దగ్గర తట్ట పెట్టుకుని కూర్చునేది వాళ్ళమ్మే. తను ముందు సీట్లలో స్నేహితురాళ్ళతో కూర్చుంటుంది. అలా కూర్చోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు, అలా అలవాటైపోయింది. ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు.

"ఆడవాళ్ళకి టికెట్ తీసేశాక బస్సు కిక్కిరిసిపోతోంది అధ్యక్షా. టికెట్ కొన్న మేం ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాం. మొన్న తట్టలో నీళ్ళు కారి నా బ్యాగంతా తడిసింది. ఆ వాసనతోనే రోజంతా క్లాసులో కూర్చున్నాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వేరే బస్సులో రావచ్చు కదా అంటున్నాను."

అందులో అబద్ధమేమీ లేదు. బ్యాగు తడవడం ఆమె కళ్ళారా చూసింది. ఎవరో ముక్కు మూసుకుని ఏదో అన్నారు, ఆ వరసంతా నవ్వింది.

"సభ్యులు తమ వంతు వచ్చేదాకా ఆగాలి" అంది నాగదుర్గ, బల్ల మీద అరచేత్తో కొడుతూ. గదంతా ఒక్కసారి సద్దుమణిగింది.

తీర్మానం వద్దన్నవాళ్ళు ఇద్దరు మాట్లాడారు. పాపం, పేదవాళ్ళు అన్నారు. ఆ పాపం అన్న మాట ఆమెకి వాసన మాట కంటే ఎక్కువ గుచ్చుకుంది. చెప్పాల్సింది ఎవరూ చెప్పడం లేదు. చెప్పగలిగిన మనిషి కుర్చీలో ఉంది. కుర్చీలో ఉన్నవాళ్ళు ఏ పక్షానా మాట్లాడకూడదు.

నాగదుర్గ లేచి నిలబడింది.

"ఈ తీర్మానం మీద నేను మాట్లాడాలి. ఉపసభాపతి గారు వచ్చి ఇక్కడ కూర్చోవాలి."

హరిబాబు తెల్లబోయి మేడం వైపు చూశాడు.

"దిగొచ్చమ్మా. కానీ ఇది తేలేదాకా మళ్ళీ ఎక్కకూడదు" అన్నారు రెబెక్కా మేడం.

ఆమె వచ్చి రెండో బెంచీలో కూర్చుంది. తర్వాత లేచి, హరిబాబు పేరు పిలిచేదాకా నిలబడింది.

"అధ్యక్షా, ఆ బస్సులో వెనక డోర్ దగ్గర కూర్చునే పెద్దింట్లమ్మ మా అమ్మ. తట్టలోంచి నీళ్ళు కారడం నిజమే. ఐసు కరిగి కారతాయి. ఆ రోజు ఉదయ్‌కుమార్ గారి బ్యాగు తడుస్తుంటే నేను ముందు సీట్లో ఉండి చూశాను, నోరెత్తలేదు. ఆ తర్వాతి బస్సుకి వస్తే రాజమండ్రిలో వంటలైపోతాయి, చేపలు కొనేవాళ్ళుండరు. ఆటోలో వస్తే మిగిలింది ఆటోకే పోద్ది. తట్ట ఎక్కించొద్దంటే మనిషిని ఎక్కించొద్దనే. నీళ్ళు కారకుండా చూసుకోమనండి. అది అడగొచ్చు."

ఆమె పెద్ద గొంతుతోనే చెప్పింది. ఎందుకు అరుస్తావని ఎవరూ అనలేదు.

చేతులెత్తించి లెక్క చూస్తే రెండు వైపులా సమానం. ఇక తేల్చాల్సింది హరిబాబు ఓటు. అతనూ ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడే. తీర్మానానికి తన ఓటు ఉంటుందని ఉదయ్‌కుమార్‌కి మాటిచ్చి వచ్చాడు.

"మేడం, ఇప్పుడు నా ఇష్టమేనాండీ?"

"ఆనవాయితీ ఏంటో చెప్పాను కదా. గుర్తు తెచ్చుకో."

హరిబాబు తల గోక్కున్నాడు.

"నాకైతే తట్టలు వద్దనే ఉందండి. కానీ మార్పు కావాలని సభ తేల్చి చెప్పలేదు. సభ చెప్పనిదాన్ని కుర్చీ చెయ్యకూడదు. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తీర్మానం వీగిపోయింది."

ఉదయ్‌కుమార్ మళ్ళీ లేచాడు. నీళ్ళు కారని మూత టబ్బుల్లో చేపలు తెచ్చుకునేవాళ్ళకి బస్సులో వెనక చోటు కేటాయించాలని ఇంకో తీర్మానం పెట్టాడు. నాగదుర్గ బలపరిచింది. అది మూజువాణి ఓటుతో నెగ్గింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆమె జరిగిందంతా చెప్పింది. పెద్దింట్లమ్మ తట్ట కడుగుతూ వింది.

"నా తట్ట మీద ఓట్లేశారా? ఎవరు గెలిచారే?"

"సమానమమ్మా. హరిబాబని ఒకబ్బాయి, తనకి ఇష్టం లేకపోయినా ఉంచేశాడు."

"ఇష్టం లేకపోయినా ఉంచాడా" అని ఆవిడ తట్ట బోర్లించింది. "మూత టబ్బంటే నెత్తి మీద నిలవదే. జారిపోద్ది."

"బస్సులో టబ్బు, దిగాక తట్ట."

"రెండూ మోసేదెవరు?"

"కాలేజీ దాకా టబ్బు నేను తెస్తాలే."

డిపో నుంచి జవాబేమీ రాలేదు. కానీ ఆ బస్సు కండక్టరు పిల్లల నోట ఈ కథంతా విని, చివరి సీటు పక్కన టబ్బుకి తనే చోటు చూపించాడు. రద్దీ మాత్రం తగ్గలేదు, ఉదయ్‌కుమార్ ఇప్పటికీ నిలబడే వస్తాడు. కాలేజీ గేటు దగ్గర తల్లి చేపలు తట్టకెత్తుకుంటుంది. సాయంత్రం దాకా ఖాళీ టబ్బు వాచ్‌మన్ గదిలో ఉంటుంది. వాసనొస్తోందని అతను వారానికోసారి గొణుగుతాడు. నాగదుర్గ దాన్ని పంపు దగ్గర ఇంకోసారి కడిగి పెడుతుంది.

ఈ ఏడాది ఆమె డిగ్రీ మూడో సంవత్సరం. రెబెక్కా మేడం జూనియర్ల సభకి పిలిచి, సభాపతిగా కూర్చుంటావా అని అడిగారు.

"వద్దండి మేడం. నేను సభ్యుల్లో ఉంటాను" అంది నాగదుర్గ.