కాశీబుగ్గలో చలి అరటి

పలాస–టెక్కలి బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైన ఢిల్లీశ్వరరావుకి పెరటి మొక్కలంటే పిచ్చి. తోటి రిటైరైనవాళ్లతో డార్జిలింగ్ వెళ్లినప్పుడు ఆ పిచ్చి ముదిరింది. బస చేసిన ఇంటి ముందు, అందరూ మంకీ టోపీల్లో వణుకుతుంటే, ఒక అరటి చెట్టు తాపీగా ఆకులూపుతూ నిలబడి ఉంది. ఇంటావిడను బతిమాలి ఒక పిలక తవ్వించుకున్నాడు. దాన్ని తన స్వెటరులో చుట్టి, రైల్లో ఒళ్లోంచి దించకుండా తెచ్చాడు.

"మంచు పడినా సావదంట! కాయ మాత్రం తినలేం, అన్నీ గింజలే" అన్నాడు గుమ్మంలోంచే.

"కాయ లేని అరటి, సలి లేని ఊరు. జోడీ బాగా కుదిరింది" అంది భార్య మహాలక్ష్మమ్మ.

పెరట్లో ఒక మూల నాటిన పిలక వానాకాలానికి ఆయన్ని మించి ఎదిగింది. దాని సత్తా తేలాలంటే ఇక చలి రావాలి. డిసెంబరంతా ఆయన తెల్లారకముందే బనీనుతో పెరట్లోకి వెళ్లి, వణుకు వస్తుందేమోనని చేతులు చాపి నిలబడేవాడు. ఆ ఏడు చలి పత్తా లేదు, చెమట పట్టేది.

పక్కింటి బొడ్డమ్మ గోడ మీంచి చూసి కంగారుపడింది. "అన్నియ్యకి ఏటైనాది వదినా?"

"సలి కోసం సూత్తన్నారు. బస్సు కోసం సూసినట్టు."

ఒకరోజు సముద్రం ఒడ్డున ఉన్న అక్కుపల్లి నుంచి చేపలమ్మే దానయ్య ఆటోతో వచ్చాడు. అతను పెట్టెలోంచి చేపతోపాటు గుప్పెడు ఐసు తీసేసరికి ఢిల్లీశ్వరరావు కళ్లు మెరిశాయి.

"దానయ్యా! ఒక ఆటో నిండా ఐసు తేగలవా?"

"అన్ని సేపలేం సేసుకుంటారు బాబూ?"

"సేపలొద్దు. అరటి సెట్టుకి."

దానయ్య భయంగా మహాలక్ష్మమ్మ వైపు చూశాడు. ఆవిడ నవ్వాపుకుంటూ, "తెచ్చీ నాయనా, నాకూ సూడాలనుంది" అంది.

ఆదివారం దానయ్య, అతని భార్య దేముడమ్మ ఐసుతో దిగారు. వీధంతా పెరట్లోకి వచ్చేసింది. ఢిల్లీశ్వరరావు పాత అలవాటుగా "రైట్ రైట్!" అని అరుస్తూ, చెట్టు చుట్టూ నడుమెత్తు ఐసు పోయించాడు.

"ఆ మూల నా సక్కరకేళి అరటి ఏం పాపం సేసింది? దానికీ ఎయ్యండి. ఏది తట్టుకుంటాదో సూద్దాం" అని మహాలక్ష్మమ్మ అడ్డుపడింది. ఆవిడ చెట్టుకీ కుప్ప పడింది.

ఐసుకి నీచు వాసన. వీధిలో పిల్లులన్నీ గోడ దూకి వచ్చాయి. దేముడమ్మ మొగుడి చొక్కాలో ఒక ముక్క జారవిడిచింది. అది చూసి మహాలక్ష్మమ్మ గుప్పెడు తీసి ఢిల్లీశ్వరరావు బనీనులో వేసింది. ఆయన గెంతిన గెంతుకి పిల్లులు చెల్లాచెదురయ్యాయి. ఇక ఎవరు ఎవరి మీద వేస్తున్నారో తెలియలేదు. అరవై దాటిన బొడ్డమ్మ కూడా కొంగు దోపి బరిలోకి దిగింది.

"వణుకొచ్చింది! నాకు వణుకొచ్చింది!" అని అరుస్తూ ఆయన చెట్టు చుట్టూ పరుగెత్తాడు.

మర్నాటికి డార్జిలింగ్ చెట్టు ఆకులు వేలాడిపోయాయి. ఆయనకు అన్నం సయించలేదు. పీట వేసుకుని చెట్టు దగ్గరే కూర్చున్నాడు. మహాలక్ష్మమ్మ వేళాకోళం మాని, కంచం అక్కడికే తెచ్చి పెట్టింది.

వారం తిరక్కుండా ఒక పొద్దున్న చెట్టు నడుమ లేతపచ్చని మొవ్వు, చుట్టచుట్టిన కాగితంలా, నిటారుగా లేచింది. ఆయన వంటింట్లోకి పరుగెత్తి, పిండి చేతులతోనే ఆవిడను లాక్కొచ్చాడు.

"సూడు! బతికింది! సలి అరటంటే ఏటనుకున్నావు?"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని రెండో మూలకి నడిపించింది. చక్కరకేళికీ కొత్త మొవ్వు, జానెడు పొడుగెక్కువే.

ఆయన దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాడు. ముందు ఆయన పెదవి కదిలింది, తర్వాత పొట్ట. ఇద్దరూ అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఎవులూ ఓడలేదే!" అన్నాడాయన రొప్పుతూ.

సాయంత్రం ఆ కబురు చెప్పడానికే అక్కుపల్లి వెళ్లాడు. దానయ్య వలలు సర్దుకుంటూ, "మళ్లీ ఎప్పుడు తెమ్మంటారు బాబూ?" అన్నాడు.

వెనక నుంచి దేముడమ్మ అందుకుంది. "ఎండాకాలం రానీండి. సెట్లకి కాదు, మనకే!"